కుడివైపు సీటు

“పచ్చి అబద్ధాలకోరు. బాగు చేయించానన్నాడు. గుంతలో పడితే ఇప్పటికీ టకటకే.”

నజీహా తిడుతున్నది నెల క్రితం పోయిన మొగుడు మోంజీని. ట్యునీషియాలోని స్ఫాక్స్ రేవు రోడ్డు గ్యారేజీలో లమీన్ అతని కారు కింద పడుకుని, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ విప్పుతున్నాడు.

“చక్రం ఊడి చస్తానేమోనని గొడవపడ్డాను, లమీన్. చేయించానన్నాడు. మర్నాడు ఎక్కితే మళ్ళీ అదే మోత. నా ప్రాణమంటే నీకు లెక్కలేదని మాట్లాడటం మానేశాను. పదో రోజు పోయాడు.”

లమీన్ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. “అబద్ధం కాదు పిన్నీ. నేనే మార్చాను. రెండువైపులా అరిగిపోయాయి, రెండూ మార్చాలి బాబాయ్ అని పోరాను. ప్రస్తుతానికి ఒక్కటి చాలన్నాడు.”

“ఏ వైపుది?”

“మీరు కూర్చునే కుడివైపుది. స్టీరింగ్ ఉన్న ఎడమవైపుది, తనది, ఈద్ వెళ్ళాక చూద్దామన్నాడు.”



పని అయ్యింది. ఇక్కడిదాకా తానే నడుపుకుంటూ వచ్చిన మనిషి, కుడివైపు తలుపు తీసి కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుంది.

ఎవరు నడుపుతారని లమీన్ అడగలేకపోయాడు.