ఎండిన మద్ది మీద పువ్వు

అనగనగా ఒక మద్దిచెట్టు. దాని కొమ్మను కరుచుకుని ఒక ఆర్కిడ్ మొక్క, చెట్టు మొదలు దగ్గర బొరియ తవ్వుకుని ఒక పందికొక్కు బతికేవి. గాలిలో వేలాడే వేళ్ళతో వాననీరూ మంచూ తాగే ఆర్కిడ్ అంటే పందికొక్కుకు కంటగింపు.

"మట్టిలో కాలు మోపకుండా ఎలా బతుకుతున్నావే? చెట్టు రక్తం తాగే కదా!" అని రోజూ దెప్పేది.

"చెట్టు నాకు చోటిచ్చింది. తిండి నేనే తెచ్చుకుంటున్నా," అనేది ఆర్కిడ్. కొమ్మల్లో గూళ్ళు కట్టుకున్న గోరింకలు కూడా నమ్మేవి కాదు.

ఆ వేసవిలో మద్ది నిలువునా ఎండిపోయింది.

"పీల్చి పీల్చి చంపేసింది! పీకి పారేయండి!" అని పందికొక్కు గొంతు చించుకుంది. నీడ పోయిన కడుపుమంటతో గోరింకలు ఆర్కిడ్ మీదికి వచ్చాయి.

ఆర్కిడ్ బెదరలేదు. "తొలకరి దాకా ఆగండి. నేను తాగింది చెట్టు రసమే అయితే, చెట్టుతో పాటే ఎండిపోతాను. పీకే శ్రమ కూడా మీకుండదు," అంది.

తొలకరి పడింది. మోడు మీద ఊదారంగు పూలు విచ్చుకున్నాయి.

"ఈ మోడులో ఏ రక్తం తాగి పూశానో ఆ పందికొక్కు పెద్దమనిషినే అడగండి. నా వేళ్ళు మీ కళ్ళెదుటే ఉన్నాయి. చెట్టు వేళ్ళు ఎవరైనా చూశారా?" అంది ఆర్కిడ్.

గోరింకలు దిగి మట్టి గీరాయి. బొరియ చుట్టూ చెట్టు వేళ్ళన్నీ కొరికేసి ఉన్నాయి.

పందికొక్కు బొరియలోకి పరిగెత్తింది. మట్టిని పట్టి ఉంచే వేళ్ళు లేక, ఆ తర్వాతి వానకే ఆ బొరియ కూలిపోయింది.