పటకార్ల కొలువులో ధీరుడు

"చూశారా మామయ్యా, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు," అంది కోడలు, గుమ్మం దగ్గర మిగిలిన జతను చూపిస్తూ. "ఈ వారంలో ఇలా పారిపోయిన రోగుల్లో ఇతను నాలుగోవాడు."

పెద్ద డాక్టరుగారు చలించలేదు. చలించడం ఆ వంశంలో లేదు. నాలుగు తరాలుగా ఊళ్ళోని నోళ్ళన్నీ ఆ ఇంటివారి ఆజ్ఞకే తెరుచుకున్నాయి. ఆ దిగ్విజయాలకు సాక్షిగా రోగులు కూర్చునే గదిలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో ఎర్ర ముఖమల్ గుడ్డ మీద, పళ్ళు పీకే పాతకాలపు పనిముట్లు పద్దెనిమిది కొలువు తీరి ఉన్నాయి.

"మధ్యాహ్నం వడ్రంగి వస్తాడు. బీరువా అటకెక్కుతుంది. లేకపోతే నా ప్రాక్టీసు అటకెక్కేలా ఉంది."

"తొందరపడకమ్మా. వీటిని కళ్ళారా చూసి కూడా నీ కుర్చీలో కూర్చునే వీరుడు ఒక్కడైనా ఉండడూ?"

"భోజనాల వేళలోపు అలాంటివాడు ఒక్కడొస్తే చాలు, జన్మలో ఆ బీరువా జోలికి రాను. మాటంటే మాట."

పెద్దాయన తువ్వాలు తీసుకుని అద్దం తుడుస్తూ నిరీక్షించాడు. పన్నెండు దాటాక అరవై ఏళ్ళ ఆసామి ఒకడు లోపలికి వచ్చి, కుర్చీల వైపైనా చూడకుండా, నేరుగా బీరువా ముందు నిలబడ్డాడు.

"ఇదేంటండీ, తాళంచెవిలా ఉంది?"

"తాళంచెవే, పంటిది. ఈ కొక్కెం పంటికి తగిలించి పిడి తిప్పితే, తలుపు తీసినట్టు పన్ను ఊడొచ్చేది."

"మరి చిగురు?"

"అప్పుడప్పుడు తోడొచ్చేది."

ఆసామి ముప్పైరెండు పళ్ళూ కనబడేలా నవ్వాడు. "మత్తేమైనా ఇచ్చేవారా?"

"ఇద్దరు బలమైన మనుషులు వెనకనుంచి రెక్కలు పట్టుకునేవారు. అప్పటి మత్తు అదే."

"ఆ కొంగముక్కు పటకారు ఓసారి చేతికిస్తారా?"

పెద్దాయన కళ్ళు చెమర్చాయి. బీరువా తెరవమని అడిగిన మొదటి మానవుడు ఇతడే. ఆసామి పటకారును గాలిలో రెండుసార్లు టకటకలాడించి, భేష్ అన్నట్టు తలాడించాడు.

"మీకు భయం వెయ్యట్లేదూ?"

"నాకెందుకండీ భయం? కింద చిగురు కాస్త ఒరుసుకుంటోంది, చూపించుకుందామని వచ్చాను."

రోగి మొహం కంటే ముందు నోరు చూడడం పెద్దాయనకు నలభై ఏళ్ళ అలవాటు. ఈరోజు మాత్రం ఆయన ఇతని గుండె ధైర్యమే చూశాడు. పట్టాభిషేకానికి నడిపించినట్టు ఆసామిని భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకువెళ్ళాడు. ఆ ధీరుడు కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకున్నాడు.

కోడలు అతణ్ణి చూసింది, గడియారాన్ని చూసింది. "ఓడిపోయాను మామయ్యా. వడ్రంగిని రావద్దనండి."

పెద్దాయన వీధి చివరిదాకా వినబడే గొంతుతో ఫోనులో వడ్రంగికి ఆ వార్త చెప్పి, తిరిగొచ్చి, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన ముత్తాత తైలవర్ణ చిత్రంలో కూడా అంత ఠీవిగా ఉండడు.

"ఏదీ, నోరు తెరవండి," అంది కోడలు.

"ఒక్క క్షణమమ్మా," అన్నాడు ఆసామి.

రెండు వరుసల పళ్ళూ తీసి ఆమె చేతిలో పెట్టాడు.