ఐదు వేళ్ల ఆకు

శ్రీనివాస్ ఆకు తెంపి, ఫోన్‌లోని ఫొటో పక్కన పెట్టి చూశాడు.

ఫొటో కాలనీ మలుపులో కట్టిన ఫ్లెక్సీది. గంజాయి మొక్కను గుర్తుపట్టండి అని దాని మీద రాసి ఉంది. ఆ ఆకుకు ఏడు వేళ్లు. చేతిలో ఉన్నదానికి ఐదు.

“లేతది కదన్నా. ముదిరితే ఏడైతయి,” అన్నాడు కమలాకర్. ఇద్దరూ కలిసి ప్లాట్ల వ్యాపారం చేస్తారు.

అది దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల వెనక గల్లీ. సగం లేచిన బిల్డింగు పక్కన ఖాళీ జాగా. అందులో ఒకడు గొంతుక్కూర్చుని మొక్కలు నాటుతున్నాడు. కాగితం టీ కప్పుల్లో పెంచిన నారు. కప్పు చించి, మట్టి చెదరకుండా మొక్కను గుంతలో దించి, చుట్టూ వేళ్లతో అదుముతున్నాడు. నాటినదానికి ఎండ తగలకుండా గోనెసంచి ముక్క అడ్డం కడుతున్నాడు.

ముందు నాటిన వాటిలో కొన్నిటికి ఆకులు పసుపుబారాయి. వాటి దగ్గరికి జరిగి, పిల్ల తలలో పేలు చూసినట్టు ఆకు ఆకూ తిప్పి చూసి, పురుగు పట్టినవి గిల్లి పారేశాడు.

“మన పిల్లల్ని పాడుజేస్తడు. మొక్కలను మాత్రం ఎంత ముద్దుజేస్తున్నడో చూడు,” అన్నాడు కమలాకర్.

ఈ గల్లీలోనే శ్రీనివాస్ కొడుకు సాత్విక్ స్పృహ లేకుండా దొరికాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. కోచింగ్‌కని వచ్చి గంజాయికి మరిగాడు.

మూడుసార్లూ ఎవరో శ్రీనివాస్‌కు మెసేజ్ పెట్టారు. మీ బాబు ఇక్కడ పడి ఉన్నడు, జల్ది రండి అని. పిల్లవాడి ఐడీ కార్డు మీది నంబర్ చూసి ఉంటారు. తను వచ్చేసరికి మెసేజ్ పెట్టిన మనిషి ఉండేవాడు కాదు. సాత్విక్ తల కింద మడిచిన గోనెసంచి ఉండేది. మూడోసారి డాక్టరు, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు.

ఆ నంబర్‌కు ఫోన్ చేస్తే ఎత్తరు. మీరెవరని మెసేజ్ పెడితే, బాబు ఎట్ల ఉన్నడు అని తిరిగి అడుగుతారు. శ్రీనివాస్ దాన్ని ‘పెద్దమనిషి’ అని సేవ్ చేసుకున్నాడు. ఆయన దొరికితే ఒక్కపూట ఇంటికి తీసుకురమ్మని, తన చేత్తో అన్నం పెడతానని భార్య రోహిణి పోరుతూనే ఉంది.

సాత్విక్ ఇంకా ఎల్‌బీ నగర్ దవాఖానలోనే ఉన్నాడు. దూకి పోతాడని కిటికీ పక్క మంచం ఇవ్వలేదు. గంజాయి ఇచ్చింది ఎవరో చెప్పడు. వాణ్ని పట్టుకోవాలనే శ్రీనివాస్ రోజూ ఈ గల్లీలో తిరుగుతున్నాడు.

కమలాకర్ కారులోంచి ఇనుప పైపు తెచ్చి అతని చేతికిచ్చాడు.

“ఎవనివిరా ఈ మొక్కలు?” అని అడిగాడు శ్రీనివాస్.

ఆ మనిషి తలెత్తాడు. శ్రీనివాస్ ముఖం చూసి నవ్వాడు. మట్టి చేతులు లుంగీకి తుడుచుకుంటూ దగ్గరికి రాబోయాడు.

ఆ నవ్వు శ్రీనివాస్ తట్టుకోలేకపోయాడు. మొదటి దెబ్బ మోకాలి మీద వేశాడు.

మనిషి కూలాడు. గొంతులోంచి గురగుర వచ్చింది తప్ప మాట రాలేదు.

“ఎవలెవలికి అమ్ముతున్నవ్? చెప్పు.”

చెప్పలేదు. రెండో దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

“పొగరు చూడన్నా. నోరు ఇప్పుతలేడు.” కమలాకర్ బూటుకాలితో ముఖం మీద తన్నాడు. పన్ను ఊడి మట్టిలో పడింది.

ఆ మనిషి విరగని చేతిని చొక్కా జేబులోకి పోనిచ్చాడు.

“అన్నా, కత్తి.”

శ్రీనివాస్ ఆ చేతి మీద కొట్టాడు. చేతిలోది ఎగిరి నారు కప్పుల మధ్య పడింది. ఆపైన ఎన్ని దెబ్బలు వేశాడో అతనికి తెలియదు. వేసిన ప్రతిసారీ మంచం మీద కొడుకు కనిపించాడు. చివరిది తల మీద పడింది.

గల్లీలో జనం పోగయ్యారు. కొందరు ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. ఆపినవాళ్లు లేరు.

ఆకుకూరల బండి సైదమ్మ వాళ్లను నెట్టుకుంటూ వచ్చింది. నేల మీద కూర్చుని ఆ మనిషి తల ఒళ్లో పెట్టుకుంది.

“అంతయ్యను ఎందుకు కొట్టిన్రు?”

“గంజాయి పెంచుతుండు,” అన్నాడు కమలాకర్.

ఆమె పక్కనున్న మొక్క నుంచి ఆకు తెంపి నోట్లో వేసుకుంది. ఇంకొకటి తెంపి శ్రీనివాస్‌కు అందించింది.

“నమలు సారూ.”

నమిలాడు. పుల్లగా ఉంది. రోహిణి వండే పప్పులోని పులుపే.

“గోగు ఇది. పుంటికూరనే. ఈ రకానికి ఆకు చీలి ఉంటది. ఇత్తులు నేనే ఇచ్చిన. ఈ బిల్డింగుకు వాచ్‌మన్ ఆయన. నా బండి కోసం కూర పెంచుతుండు.”

“మరి అడిగితే చెప్పొద్దా?” కమలాకర్ గొంతు తగ్గింది.

“ఎట్ల చెప్తడు? ఆయనకు మాట రాదు.”

కమలాకర్ వెనక్కి రెండడుగులు వేసి జనంలో కలిసిపోయాడు.

సైదమ్మ సీసాలోని నీళ్లు అంతయ్య నోట్లో పోసింది. నీళ్లు పక్కకు కారిపోయాయి. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. కాసేపటికి కొంగు లాగి అతని ముఖం మీద కప్పింది.

శ్రీనివాస్ చేతిలోంచి పైపు జారింది. ఎవరికి చెప్పుకోవాలో తోచలేదు. రోహిణికి చెప్పలేడు. ఆపదలో తనను ఆదుకున్న మనిషి ఒక్కడే. ఎత్తడని తెలిసే, ‘పెద్దమనిషి’ నంబర్ నొక్కాడు.

నారు కప్పుల మధ్య, మట్టిలో, అద్దం పగిలిన ఫోన్ ఒకటి వెలిగింది. దాని మీద ‘సాత్విక్ నాయిన’ అని ఉంది.