చప్పిడి

“ఏందీ, మసాలా సుత ఏస్తున్నవ్? మర్సిపోయినవా?” వంటింటి గుమ్మంలోంచి ఓంప్రకాశ్ కంగారుగా అడిగాడు.

అతని కిడ్నీలు పాడైన ఈ రెండేళ్లలో భార్య కల్పలత ఎప్పుడు నూడుల్స్ చేసినా, ఉడికించిన నీళ్లు వంచేసి, మసాలా పొట్లాన్ని చెత్తబుట్టలో పడేసేది. ఇవాళ నీళ్లు వంచలేదు. పైగా గుడ్డు కొట్టి పోసింది, మోండా మార్కెట్లో తెచ్చిన నిమ్మకాయ పిండింది.

“రిపోర్టులు మంచిగొచ్చినయా?” అతని ముఖం విప్పారింది.

“ఏది తినబుద్ధయితే అది పెట్టుమన్నడు డాక్టర్ సాబ్.” ఆమె ఇటు తిరగకుండానే గిన్నె అందించింది.

ఓంప్రకాశ్ ఆ గిన్నెను మెల్లగా గట్టు మీద పెట్టాడు.

“ఇంకో గిన్నె తీస్కో కల్పా. రెండేండ్ల సంది నా ఎంబడి నువ్వు సుత చప్పిడే తింటివి.”