పిడికెడు బియ్యం

“మళ్ల పలుకే!”

సత్తయ్య కంచాన్ని ముందుకు నెట్టాడు. “సగం అన్నం ముద్దైతది, సగం పంటి కింద పలుకు తాకుతది. ముప్పై ఏండ్ల సంది వండుతున్నవ్, గిప్పుడు మర్సిపోయినవా?”

భార్య ఎస్తేరు చారు పోసింది.

“మీ తమ్మునికి చెప్పు, జర మంచి బియ్యం పంపుమని. కోదాడ పొలాలల్ల గిసొంటియే పండుతయా?”

“చెప్త. తిను, చర్చికి టైమైతుంది.”

సత్తయ్య మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గుమస్తా. బియ్యం గుప్పిట్లోకి తీసుకుంటే చాలు, ఏ రకమో, పాతవో కొత్తవో చెప్పేస్తాడు. అదంతా మిల్లులో. ఇంట్లో మాత్రం వంటింటి గడప దాటడం మగవాడి పని కాదని ఆయన సిద్ధాంతం. మూడు నెలల కింద మిల్లు మూతపడింది. ఇవాళో రేపో తెరుస్తారని రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దాకా పోయి వస్తాడు. మిగతా పొద్దంతా కాలు కాలిన పిల్లిలా ఇంటికీ చర్చికీ మధ్య తిరుగుతాడు. పని లేని మనిషికి లోకంలో తప్పులన్నీ తనకే కనబడతాయి. ఈమధ్య ఆయనకు కనబడిన పెద్ద తప్పు లియాన్.

లియాన్, అతని భార్య సుయి బర్మావాళ్లు. సైన్యం వాళ్ల ఊరినీ చర్చినీ తగలబెడితే కట్టుబట్టలతో సరిహద్దు దాటారు. ఢిల్లీలో శరణార్థి కార్డు తీసుకుని, ఎవరో పాస్టరు చెబితే రెండేళ్ల కింద ఇక్కడికి వచ్చారు. చర్చి వెనక గదిలో ఉంటూ చర్చి ఊడుస్తారు, బియ్యం డ్రమ్ము చూసుకుంటారు. సంఘంలో ఆడవాళ్లు ఎసరు పెట్టిన ప్రతిసారీ పేదల పేరిట ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి, ఆదివారం తెచ్చి ఆ డ్రమ్ములో పోస్తారు. మొదటిసారి అది చూసి సుయి ఏడ్చేసింది. వాళ్ల ఊళ్లోనూ ఇదే పద్ధతట. ఆ రోజే చర్చి పాస్టరు అయ్యగారు డ్రమ్ము బాధ్యత వాళ్లకు అప్పగించాడు.

సంఘ పెద్దగా తనుండగా పరాయివాళ్లకు ఇవ్వడం సత్తయ్యకు మింగుడు పడలేదు. పైగా ప్రతి సోమవారం పొద్దున లియాన్ ఆ బియ్యం సంచులు సైకిలుకు తగిలించుకుని పంచడానికి పోతాడు. ఎవరికిస్తాడో చెప్పడు.

“హోటలోళ్లకు అమ్ముకుంటుండు,” అన్నాడు సత్తయ్య చెయ్యి కడుక్కుంటూ. “ఇయ్యాల తేల్చేస్త. పేర్లన్న చెప్పాలె, గదన్న ఖాళీ చెయ్యాలె.”

ఎస్తేరు చేతిలో గరిటె ఆగిపోయింది. “ఎల్లగొడితే యాడికి పోతరు? ఒకపారి ఇల్లు కాలినోళ్లు.”

“దొంగతనం చేసేటప్పుడు ఆ సోయి ఉండాలె.”

“సూసినవా నువ్వు?”

“సూసుడెందుకు? తప్పు లేనోడు పేర్లెందుకు దాస్తడు?”

దారిలో ఆమె రెండుసార్లు ఏదో చెప్పబోయి ఆగింది. కొంగు కొసను వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. సత్తయ్య గమనించలేదు. ఆయన మనసులో ఉపన్యాసం తయారవుతోంది.

ఆరాధన ముగియగానే ఆయన లేచి నిలబడ్డాడు.

“లియాన్, వారం వారం బియ్యం ఎవలెవలికి ఇస్తున్నవో అందరి ముంగట చెప్పు.”

లియాన్ లేచి చేతులు కట్టుకున్నాడు. అతనిది వచ్చీరాని తెలుగు. “పెద్దాయనా, మాట ఇచ్చినం. పేరు చెప్తే వాళ్లు మళ్ల తీసుకోరు. ఆకలితోనే ఉంటరు.”

“ఎవలూ లేరు గనకనే చెప్తలేవు!”

“ఉన్నరు.”

“ఒక్క ఇల్లు చెప్పు. ఒక్కటంటే ఒక్కటి!”

సుయి ఆడవాళ్ల వరుస వైపు చూసి, వెంటనే తల దించుకుంది. అది సత్తయ్య కంటపడింది. దొంగ దొరికినట్టే అనుకున్నాడు.

“సత్తయ్యా, జర నిమ్మలంగ...” అంటూ అయ్యగారు నీళ్లు నమిలాడు.

“పెద్దలం అడిగినంక జవాబుండాలె గద, అయ్యగారూ!”

లియాన్ భార్యతో తమ భాషలో ఏదో అన్నాడు. ఆమె సంచిలోంచి గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

“పోతం,” అన్నాడు లియాన్. “పేరు మాత్రం చెప్పం.”

నలుగురైదుగురు అయ్యో అన్నారు. జనం తనవైపు లేరని తెలిసి సత్తయ్య ఇంకా రెచ్చిపోయాడు. గబగబా మూలకు పోయి, డ్రమ్ము మూత తీసి గుప్పెడు బియ్యం పైకెత్తాడు.

“సూడుండ్రి! మిల్లుల ముప్పై ఏండ్లు చేసిన, నాకు తెల్వదా? ఇవి సన్నయి, ఇవి దొడ్డయి, ఇవి రేషనువి. ఇవి పాతయి, గివి మొన్న పట్టిచ్చినయి. అందరిండ్లయి కలిసినయ్. ఒక్కతీరు ఉడుకుతయా? సగం ముద్దైతది, సగం పలుకుంటది. గిసొంటి అన్నం ఏ ఇంట్ల తింటరు? అమ్ముకునుడు గాకపోతే, చెప్పుండ్రి, ఎవడు తింటడు?”

ఆడవాళ్ల వరుసలో ఎస్తేరు లేచి నిలబడింది. సుయి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అయినా ఆమె ఆగలేదు.

“మూడు నెలల సంది నువ్వే తింటున్నవ్.”