కరిచే రకం

టరాంటులా సాలీళ్ళు అమ్మే షాపతను, కొనడానికొచ్చినావిడ చూపించిన డబ్బా వైపు చెయ్యి చాచి ఆగిపోయాడు.

"ఈ నీలం రకం మెరుపులా ఉరుకుతుందక్కా. కరిచిందంటే రోజుల తరబడి కండరాలు పట్టేస్తాయి. ఇంతకుముందు ఏది పెంచారు?"

"మెల్లగా నడిచే నల్లటిది. ఆరేళ్ళు నా దగ్గరే ఉంది."

"అది పసిపిల్లలాంటిది. దాన్ని పెంచిన ధైర్యంతో నేల విడిచి సాము చెయ్యకండి. నడిమి రకాలున్నాయి, ముందు వాటితో చెయ్యి తిరగనివ్వండి."

"అవి కరుస్తాయా?"

"మరీ విసిగిస్తే తప్ప కరవవు."

"అయితే వద్దు తమ్ముడూ. ఇదే ఇవ్వు."

ఈ మధ్య గొప్ప చెప్పుకోవడానికి అందరికీ విషప్పురుగులే కావాలి అనుకున్నాడతను. విసుగ్గానే డబ్బా బయటికి తీసి, మూతకి చిన్న తాళం వేయబోయాడు.

"తాళం ఎందుకులే," అంది ఆమె. "పాతదానికీ వేశాను. కోపమొచ్చిన రోజు మా ఆయన ఆ తాళం పగలగొట్టి, ఆ నల్లదాన్ని నా కళ్ళెదుటే పిడికిట్లో పెట్టి నలిపేశాడు."

డబ్బాను రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది.

"పిచ్చిది, అప్పుడు కూడా కరవలేదు."