వేటపాలెం లిడియా

కోటేశ్వరమ్మ లిడియాగా మారి ఆ బుధవారానికి పద్దెనిమిది రోజులు.

ఇంటా వంటా లేని పేరైతే ఎవరికీ అనుమానం రాదని, టీకాలు వేసే నర్సమ్మ పేరు పెట్టుకుంది. ఫోన్లో తన ఫొటో తీసేసి గులాబీ పువ్వు పెట్టింది. ఊరు వేటపాలెం అంది. వయసు ఇరవై ఆరు, మూడో నెల పాప అని చెప్పుకుంది. ముప్ఫై మూడేళ్లు తగ్గించుకున్నా అడిగేవాళ్లెవరు?

ఇంతకు తెగించడానికి కారణం కోడలు ప్రశాంతి. రేపల్లె పుట్టింట్లో పురుడయ్యాక, ఐదో నెలలో మనవణ్ణి ఎత్తుకుని తెనాలి వచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల చేతిలోంచి ఫోను దిగదు. 'కొత్త అమ్మలు' అని ఒక గ్రూపు. ఖతీజా అనే టీచరమ్మ టీకాల కేంద్రం గోడకు కాగితం అంటించి మొదలుపెట్టిందట. ప్రశాంతి అందులో ఏదో చదువుతుంది, ముసిముసిగా నవ్వుతుంది, అత్తగారు గదిలోకి రాగానే ఫోను బోర్లిస్తుంది.

తన మీద చాడీలు కాక మరేమిటి? పైగా ఒకరోజు కొడుకు మనోజ్, కోడలు గుసగుసలాడుతుంటే 'బాపట్లలో ఇల్లు' అన్న మాట చెవిన పడింది. మనోజ్ ఉద్యోగం బాపట్లలోనే. రోజూ రైల్లో వెళ్లొస్తాడు.

వేరు కాపురం పెడతారన్నమాట. మనవణ్ణి చంకనేసుకుని చెక్కేస్తారన్నమాట. భర్త పోయాక ఆ ఇంట్లో ఆమెకున్న సందడి వాడొక్కడే.

ఆ గుట్టేదో తేల్చుకుందామని, గోడ మీది నంబరుకు కబురు పెట్టి గ్రూపులో దూరింది. దూరగానే ఎర వేసింది.

"కొత్తగా చేరానండి. మా అత్తగారితో వేగలేకపోతున్నాను. మీకెలా ఉంది?"

ప్రశాంతి జవాబు మర్నాటికి గానీ రాలేదు. "మా అత్తయ్య మంచివారేనండి లిడియాగారూ. కాకపోతే సాంబ్రాణి పొగ మరీ దట్టంగా వేస్తారు. పిల్లాడు దగ్గుతున్నాడు. చెప్తే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను."

దొరికావులే, అనుకుంది కోటేశ్వరమ్మ. మంచివారేనట, కాకపోతేనట. ఆ సాయంత్రం కసికొద్దీ రెండు నిప్పులతో సరిపెట్టింది. పిల్లాడు దగ్గలేదు. అది వేరే సంగతి.

ఇంకోరోజు ప్రశాంతి రాసింది. "స్నానం ఆవిడ పోస్తే మావాడు కిక్కురుమనడు. నేను పోస్తే వీధి వీధంతా వినిపిస్తుంది. నేర్పమని అడగాలంటే మొహమాటం."

మర్నాడు కోటేశ్వరమ్మ ఏమీ ఎరగనట్టు, "కాళ్లు చాపుకుని కూర్చో అమ్మాయ్, చూపిస్తాను" అంది.

"అలాగే అత్తయ్యా" అంటూ ప్రశాంతి తల వంచుకుంది. పెదవి చివర నవ్వు కనిపించింది. కోటేశ్వరమ్మకు అది నచ్చలేదు. ఈ పిల్ల ఏదో దాస్తోంది.

మరో అనుమానం కూడా ఉంది. గ్రూపులో ఖతీజాను, అలేఖ్యను, అందరినీ నువ్వు అనే పిల్ల లిడియాను మాత్రం మీరు అంటుంది. దూరం పెడుతోందా? నమ్మడం లేదా?

ఒక ఆదివారం అందరూ పిల్లల్ని తీసుకుని ఖతీజా ఇంట్లో కలుసుకున్నారు. లిడియా పాపకు జలుబని తప్పించుకుంది. తిరిగొచ్చిన కోడల్ని, "ఎవరెవరొచ్చారేంటి?" అని ఆరా తీసింది.

"వేటపాలెం ఆవిడ రాలేదత్తయ్యా. ఆవిడంటే నాకు చాలా ఇష్టం" అంది ప్రశాంతి.

అబద్ధం కాబోలు అనుకుంది. అయినా ఆ మాట రెండ్రోజులు చెవుల్లోనే ఉంది.

ఖతీజా కూతురు పాలు కక్కుతోందంటే, భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరమని లిడియా చెప్పింది. "ఇరవై ఆరేళ్లకే నీకిన్ని ఎలా తెలుసు లిడియా?" అంది ఖతీజా. కోటేశ్వరమ్మ గబుక్కున మా అమ్మమ్మ చెప్పిందని సర్దుకుంది. రానురాను గ్రూపు మోగకపోతే తోచేది కాదు. ఇక మధ్యాహ్నం రెండయ్యేసరికి ప్రశాంతి పలకరించేది. "అన్నం తిన్నారా లిడియాగారూ? అందరికీ పెట్టి ఆఖర్న తినే అలవాటు మానండి."

అది చదివితే కోటేశ్వరమ్మకు ఏడుపొచ్చేది. అప్పటికి నిజంగానే తిని ఉండేది కాదు. ముక్కూ మొహం తెలియని లిడియా మీద ఉన్న ప్రేమ ఇంట్లో అత్త మీద లేదు కదా అని వెంటనే కోపమూ వచ్చేది.

ఆ బుధవారం ఇక తేల్చుకోదలిచింది. వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఒంటి వేలితో కొట్టింది. "మేం వేరు కాపురం పెడుతున్నామండి. ప్రశాంతిగారూ, మరి మీరు?"

జవాబు కోసం ఫోనుకే కళ్లప్పగించింది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు.

చివరికి వచ్చింది. "మేమూ బాపట్లలో ఇల్లు చూశామండి."

కోటేశ్వరమ్మ స్టూలు మీద కూలబడింది. అనుకున్నంతా అయింది. ఇంతలో దాని కింద మరొకటి పడింది.

"మూడు గదులు. వెలుతురు బాగా వచ్చే గది అత్తయ్యకి. రానంటారేమోనని అడగడానికి భయం. మీరే ఆవిడైతే ఏమంటారు లిడియాగారూ?"

ముందుగదిలోంచి ప్రశాంతి కేక వేసింది. "అత్తయ్యా, వాణ్ణి కాస్త చూస్తారా? మేడ మీద బట్టలు తెచ్చేస్తాను."

వెళ్లేసరికి ప్రశాంతి మెట్లెక్కేసింది. కోటేశ్వరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, రెండో చేత్తో "వస్తాననే అంటాను. అడిగి చూడండి" అని కొట్టి పంపింది.

పక్కనే దిండు మీద ప్రశాంతి ఫోను టింగుమంది. ఈసారి బోర్లించి లేదు, గ్రూపు తెరిచే ఉంది. ఇంతకుముందు తను పంపినవి కూడా పైన వరసగా కనిపిస్తున్నాయి. ఒక్కోదాని పక్కన అదే గులాబీ పువ్వు, ఆ పువ్వు పక్కన మాత్రం లిడియా అని కాదు, పెళ్లయిన కొత్తలో ప్రశాంతి అత్తగారి నంబరుకు పెట్టుకున్న 'అత్తయ్య' అన్న పేరే ఉంది.